గొట్టం చుట్టూ ఖాళీ

మా అమ్మాయి మేఘన అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో కొనుక్కున్న పాత ఇంట్లో, హాల్లో ఉన్న తుప్పుపట్టిన పొయ్యిని మనుషుల చేత ఊడదీయించిన రోజున, పైనుంచి దోసెడు మసి రాలి నా చున్నీ మీద పడింది. ఫ్రీమాంట్ నుంచి నన్ను చూడడానికి వచ్చి కొన్నాళ్ళుందామనుకున్న మా అక్క పక్కనే ఉంది. "అయ్యయ్యో, కదలబాక, దులుపుతా" అంటూ వంగింది. వంగినదల్లా దులపడం మాని వాసన చూసింది. ఇంకోసారి చూసింది. "ఒసే చిట్టీ, ఇది మన స్నానాలగదే!" అంది. నేనూ చున్నీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిసిన మసి, పాత ఇనుము, ఎక్కడో అడుగున కొంచెం తీపి. కుంకుడుకాయ పులుసు ఒక్కటే తక్కువ. అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళం ఒకే చున్నీకి చెరో కొస పట్టుకుని మసి వాసన చూస్తుంటే, ల్యాబ్‌లో పనిచేసే మా అమ్మాయి "అది కార్సినోజెన్ అమ్మా, ప్లీజ్!" అని కేకలేసింది.

మాది నరసరావుపేటలో ఇనుప సామాను కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు అని చెప్పుకునేవాళ్ళం గానీ నిజానికి ముందూ కొట్టే, వెనకా కొట్టే. మధ్యలో ఎక్కడైనా సందు మిగిలితే అందులో మేం కాపురముండేవాళ్ళం. మంచాల కింద మేకుల బస్తాలు, దేవుడి గూటి పక్కన రేకుల చుట్టలు, నడవలో ఒకదాంట్లో ఒకటి దూర్చిన బక్కెట్లు వాసాల దాకా. ఖాళీగా కనబడిన జాగా నాన్న కంట్లో నలుసులా గుచ్చుకునేది. అక్కను చూసుకోవడానికి మొదటిసారి పెళ్ళివారొచ్చినప్పుడు కుర్చీలు చాలక, పెళ్ళికొడుకు మేనమామను కొత్త బక్కెట్ బోర్లించి దాని మీద కూర్చోబెట్టాం. ఆయన లేచేటప్పుడు దాన్ని వేలితో కొట్టి చూసి ధర అడిగాడు. నాన్న చెప్పాడు. ఆయన బేరమాడాడు. సంబంధం కుదరలేదు గానీ బక్కెట్ అమ్ముడుపోయింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ పెద్దగా బాధపడినట్టు నాకు గుర్తులేదు.

నాకు మాటలూ బేరమూ ఒకేసారి వచ్చాయంటుంది అక్క. కావచ్చు. బేరంలో అసలు ఘట్టం లేచి వెళ్ళిపోవడం. కొనేవాడు గుమ్మం దిగి, వెనక్కి చూడకుండా నడవాలి. అమ్మేవాడు చూడనట్టే చూస్తూ, ఎంత దూరం పోనివ్వాలో అంత దూరం పోనిచ్చి, "ఇదిగో పెద్దాయనా, ఒక మాట!" అని పిలవాలి. తొందరపడి పిలిస్తే సరుకు చవకైపోతుంది, ఆలస్యం చేస్తే గిరాకీ ఎదురుకొట్టు పాలవుతుంది. నాన్న వీధి మలుపు దాకా పోనిచ్చేవాడు. "కాళ్ళు చూడమ్మా, మొహం కాదు. చెప్పులు ఈడుస్తున్నాడా, వెనక్కొస్తాడు. అంగలు వేస్తున్నాడా, నిజంగానే పోతున్నాడు, పిలువు" అని నాకు నేర్పాడు. నేను బళ్ళో చదివినవి చాలావరకు మర్చిపోయాను. ఇది మర్చిపోలేదు.

ఇంతకీ స్నానాలగది. పెరట్లో పెంకుల కప్పు కింద చిన్న గది, అందులో రాగి బాయిలరు. దాని పొట్ట మధ్య నుంచి గొట్టం, గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు. నాయనమ్మ తెల్లారకముందే లేచి అందులో పత్తికట్టె, కొబ్బరి చిప్పలు వేసి అంటించేది. పత్తికట్టె అయిపోయిన రోజుల్లో మిరపకట్టె వేస్తే ఇంటిల్లిపాదీ దగ్గుతూ నిద్రలేచేవాళ్ళం, గడియారం అక్కర్లేదు. ఆ బాయిలరు మా కొట్టుకు తగిందే: ఊరికే ఏదీ ఇవ్వదు. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తేనే కింద కుళాయిలోంచి ఒక చెంబు వేణ్ణీళ్ళు వస్తాయి. ఆదివారాలు అక్కా నేనూ తలంట్లకు కూర్చుంటే, కుంకుడు నురగ కళ్ళలో పడి ఏడుస్తూ కూడా, "నీళ్ళు పొయ్యి, నీళ్ళు పొయ్యి" అని చన్నీళ్ళ చెంబు కోసం తడుముకునేవాళ్ళం. మా వీపుల మీద నాయనమ్మ అరచెయ్యి, రాగి వేడి, నల్లని గోడ. లోకంలో అంత వెచ్చని చోటు ఇంకొకటి ఉంటుందని అప్పట్లో నేను అనుకోలేదు. ఇప్పటికీ పెద్దగా అనుకోను.

అంత ఇరుకు ఇంట్లో ఒక్కచోటే ఖాళీ ఉండేది: ఆ బాయిలరు గొట్టం చుట్టూ. గొట్టం కప్పు దాటే చోట తాటి దూలాలు కోయించి, చుట్టూ జానెడు జాగా వదిలి, కోసిన అంచులకు రేకు బిగించాడు నాన్న. అక్కడ ఎవరూ ఏమీ పెట్టకూడదు. వానొస్తే ఆ సందులోంచి చుక్కలు పడేవి, చలికాలం గాలి కొట్టేది. నాయనమ్మకు ఒళ్ళు మండేది. "ఇనప కొట్టువాడి ఇంట్లో చిల్లు పూడ్చే దిక్కు లేదు" అని గొణుక్కుంటూ, నాన్న కొట్లో కూర్చోగానే ఒక గోనెపట్టా మడిచి అందులో కుక్కేది. నాన్న భోజనానికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే చెయ్యి పైకి చాపి దాన్ని లాగి అవతల పారేసేవాడు. మర్నాడు మళ్ళీ గోనె, మళ్ళీ లాగుడు. ఇద్దరూ దాని గురించి ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకునేవాళ్ళు కాదు.

కొట్లోనూ అంతే. అన్నిటికీ బేరముండేది గానీ, బాయిలరు కొనేవాడు "గొట్టం ఎందుకులే, అది తీసేసి ధర చెప్పు" అన్నాడా, నాన్న లేచి బాయిలరు మీద గుడ్డ కప్పేసేవాడు. "గొట్టం లేకుండా బాయిలరు అమ్మను." పోయేవాడి చెప్పులు ఈడుస్తున్నా, అంగలు వేస్తున్నా పిలిచేవాడు కాదు. ఒకసారి అది బోణీ బేరం. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీని పోగొట్టుకుంటే రోజంతా కలిసిరాదని నాయనమ్మ లబలబలాడింది. నాకూ ఉక్రోషం వచ్చింది. ఎందుకు పిలవలేదని అడిగాను. "పొగతో బేరం కుదరదమ్మా, అది ఒకటే ధర చెబుతుంది" అన్నాడు నాన్న, మేకులు తూస్తూ. ఇంత పెద్ద బేరగాడికి భయపడే చోటు కూడా ఒకటుందా అని నాకు ఆ రోజు ఆశ్చర్యం.

ఇదంతా అక్కా నేనూ మసి చున్నీ పట్టుకుని చెప్పుకుంటుంటే మేఘన వినిందో లేదో గానీ, ఆ సాయంత్రం ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. గోడకు తగిలించే అద్దాల పెట్టె, లోపల ఉత్తుత్తి మంట.

"అమ్మా, ఎలక్ట్రిక్‌ది పెట్టేద్దాం. సేమ్ లుక్. రిమోట్‌తో ఫ్లేమ్ కలర్ కూడా చేంజ్ అవుతుంది."

"రంగులు మార్చే నిప్పు నాకెందుకే? మొన్న చలికాలం గాలివానకు కరెంటు పోయి ఇంట్లో కోట్లు వేసుకు కూర్చున్నాం, మర్చిపోయావా? అప్పుడు నీ రిమోట్ ఏం చేస్తుంది?"

"రియల్ ఫైర్ అంటే నాకు స్కేరీ అమ్మా. చిమ్నీలో ఫైర్ వస్తే? హౌస్ మొత్తం పోతుంది. నేను నిద్ర పోను."

అది నిజం. చిన్నప్పుడు పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు కూడా దూరం నుంచే ఊదేది. మావారు పోయాక రెడ్‌మండ్‌లో మా ఇల్లు అమ్మేసి దీని దగ్గరికి వచ్చాను. ఇల్లు దానిది, భయమూ దానిదే. కానీ ఆ వాసన ముక్కుకెక్కాక నేను ఊరుకోలేను. ఒక్క చలికాలమైనా అక్కా నేనూ నిజమైన నిప్పు ముందు వీపులు కాచుకోవాలి. "దాంతో వాదించబాకే, బేరం పెట్టు" అని అక్క నా చెవిలో ఊదింది. పెట్టాను. మేఘన నాకన్నా గట్టిది. సిటీ పర్మిట్ తీసుకోవాలి, లైసెన్స్ ఉన్నవాళ్ళే బిగించాలి, సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి ఓకే అంటే నిప్పు. ఒక్కసారి నో అన్నా ఎలక్ట్రిక్ పెట్టె, ఆ తర్వాత నేను ఆ ఊసెత్తకూడదు. "రెండోసారి చూపించుకోవడం లేదా?" అంటే "లేదు" అంది. ఒప్పుకున్నాను.

పొయ్యిల షాపు పక్క ఊళ్ళో ఉంది. తలుపు తీయకముందే అక్కను తీసుకుని వెళ్ళి నిలబడ్డాను, బోణీ మనదే కావాలని. షాపతనికి అలాంటి నమ్మకాలున్నాయో లేదో తెలియదు. ఉంటే లాభం, లేకపోతే పార్కింగైనా దొరుకుతుంది. అతని పేరు హ్యాంక్. నెరిసిన మీసం, భుజాల మీదుగా ప్యాంటును పట్టి ఉంచే పట్టీలు. చూపించడానికి బయట పెట్టిన పొయ్యి ఒకటి ఏరి, దాని పక్కన గీత పడిందని చూపించాను. ఆ వైపు గోడకే ఉంటుంది కదా అన్నాడు. మా ఇంట్లో గోడలకు చెవులే కాదు, కళ్ళు కూడా ఉంటాయని ఇంగ్లీషులో చెప్పాను. గట్టిగా నవ్వి తగ్గించాడు. కొసరుగా బూడిద తీసే పార, మూత ఉన్న బక్కెట్ కూడా వేయించుకున్నాను. ఆ బక్కెట్‌ను అక్క వేలితో కొట్టి చూసింది.

అక్కడితో ఆగి ఉంటే నా పరువు నిలిచేది. గొట్టం దగ్గరికి వచ్చాం. పొయ్యి మీద నుంచి సీలింగ్ దాకా నల్ల గొట్టం. సీలింగ్ నుంచి పైకి మాత్రం రెండు పొరల మధ్య వేడి ఆపే దూదిలాంటిది కూరిన లావు గొట్టం. అది అటక దాటి, కప్పు దాటి, కప్పు పైన నడుమెత్తు నిలబడాలి, దగ్గర్లో కప్పు ఇంకా ఎత్తుగా ఉంటే దాన్ని కూడా రెండడుగులు మించాలి. చిన్నగా ఉంటే గాలి పొగను తిరగ్గొడుతుందట, పైన టోపీ లేకపోతే నిప్పురవ్వలు కప్పు మీద పడతాయట. లావు గొట్టం ధర విన్నాక నా నోరు ఊరుకోలేదు. "అటకలో ఎవరు చూడొచ్చారు, అక్కడ కూడా నల్లదే వేస్తే? ఆ పైముక్క ఆకాశంలోకి, దేవుడికి చూపించడానికా?" అన్నాను. "నో మ్యామ్" అన్నాడు. ఇంకో రకంగా అడిగాను. ఇంకో నో. సరే, నాకు తెలిసిన ఆఖరి విద్య ఉంది కదా. "అయితే వద్దులెండి" అని లేచి, వెనక్కి చూడకుండా బయటికొచ్చి కార్లో కూర్చున్నాను. అక్క వెనకే వచ్చింది.

సన్నగా వాన. ఇంజన్ ఆన్ చేశాను, కదపలేదు.

"ఇప్పుడేందే?" అంది అక్క.

"పిలుస్తాడు."

"అమెరికాలో పిలుస్తారా?"

"బోణీ అక్కా. ఎక్కడైనా పిలుస్తారు."

"అద్దంలోంచి కనబడుతున్నాడు. కాఫీ పోసుకుంటున్నాడు."

"చూడనట్టు చూస్తున్నాడన్నమాట."

"గోడ వైపు తిరిగి తాగుతున్నాడే."

ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ దేశంలో ఉన్నాను. ఇక్కడ లేచి వెళ్ళిపోయినవాళ్ళను ఎవరూ పిలవరని నాకు తెలియక కాదు. ఒక్కడు పిలవకపోతాడా అని ప్రతిసారీ ఆశ. అక్క సీటు వెనక్కి వాల్చుకుని, "నన్ను రాత్రి భోజనానికి లేపు" అని కళ్ళు మూసుకుంది. అంతలో షాపు తలుపు తెరుచుకుంది. హ్యాంక్ వానలో తడుస్తూ మా వైపే వస్తున్నాడు. "వచ్చాడే! నీ విద్య పారిందే!" అని అక్క లేచి కూర్చుంది. నేను మొహంలో ఏ భావమూ లేకుండా అద్దం సగమే దించాను.

"మీ స్కార్ఫ్ మర్చిపోయారు" అని అందించాడు. తర్వాత కొంచెం ఇబ్బందిగా, "ఇంకో మాట మ్యామ్. ఇప్పుడు మీరు పొయ్యి ఒక్కటే అడిగినా ఇవ్వలేను. ఏదో ఒక గొట్టం కొని దానికి తగిలిస్తారేమోనని నాకు మనసొప్పదు. సరైన గొట్టం లేకుండా నేను పొయ్యి అమ్మను" అన్నాడు.

కారు ముందద్దం మీద వైపరు ఒకసారి ఇటు, ఒకసారి అటు కదిలింది. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. "చిట్టీ, ఆ పట్టీలు తీసి పంచె కడితే..." అని పూర్తి చేయలేక నవ్వడం మొదలుపెట్టింది. నాకూ నవ్వాగలేదు. పాపం అతనికి ఏమీ అర్థం కాక, వానలో నిలబడి తనూ నవ్వాడు. స్కార్ఫ్ తెచ్చినందుకు థాంక్స్ చెప్పే నెపంతో దిగి లోపలికి వెళ్ళి, గొట్టం పైముక్కతో సహా, టోపీతో సహా, అడిగిన ధరకు కొన్నాను. అడిగిన ధరకు! నాయనమ్మ ఉంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు.

బిగించేవాళ్ళు వచ్చారు. నల్ల గొట్టం ముక్కల్లో సన్న మూతి కిందికి ఉండేట్టు ఒకదాంట్లో ఒకటి దించారు, పొగ చల్లారి లోపల కారే తారు లోపలే పొయ్యిలోకి జారాలి గాని అతుకుల్లోంచి బయటికి కారకూడదట. ప్రతి అతుకుకూ మరలు బిగించారు. అటకలో కర్రల మధ్య చోటు చేసి, రేకు చట్రం కొట్టి, లావు గొట్టం నిలబెట్టారు. వాళ్ళలో ఒకతను గొట్టం చుట్టూ చెయ్యి తిప్పి చూపిస్తూ ఏదో జాగ్రత్త చెబుతుంటే మేఘన ఊకొడుతోంది. నా ధ్యాస అక్కడ లేదు. ఆ గొట్టాలు వచ్చిన అట్టపెట్టెల మీద ఉంది. ఎంత గట్టి పెట్టెలు! ఈ దేశంలో అలాంటివి పారేసేవాళ్ళను చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. వాళ్ళు వెళ్ళగానే వాటిని అటకెక్కించాను. అటకలో అప్పటికే నేను దాచిన పెట్టెలు కొండలా ఉన్నాయి, చోటెక్కడ? చూద్దును కదా, కొత్త గొట్టం పక్కన చక్కగా ఖాళీ. పెట్టెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి అక్కడ పేర్చాను. పడిపోకుండా గొట్టానికే ఆనించాను. దిగొచ్చి చేతులు దులుపుకుంటే, జాగా కలిసొచ్చిందని మనసు నిండిపోయింది.

ఇన్‌స్పెక్టర్ రావలసిన పొద్దున అక్కా నేనూ కొత్త పొయ్యి ముందు కాఫీ తాగుతున్నాం. ఇంకా అంటించని పొయ్యి ముందు కూడా చేతులు చాపి కూర్చున్నాం. "నాయనమ్మ గోనెపట్టా గుర్తుందా?" అంది అక్క. "నాన్న ఎన్నిసార్లు లాగిపారేశాడో! ఇల్లంతా సామాను నింపినోడు గొట్టం చుట్టూ మాత్రం పూచికపుల్ల పెట్టనిచ్చేవాడు కాదు. చోటు పోతుందని ఏడ్చేది ముసల్ది." నేను నవ్వబోయి ఆగాను. కాఫీ కప్పు కింద పెట్టి లేచాను. "ఏమైందే?" "అక్కా, నేనే నాయనమ్మని" అన్నాను. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

వచ్చింది ఇన్‌స్పెక్టరమ్మ. టార్చి, టేపు, నెమ్మదైన మనిషి. హాల్లో గొట్టం నుంచి గోడ దాకా కొలిచింది, బయట గడ్డిలో నిలబడి పైముక్క చూసింది, తలాడించింది. ఆమెకు కాఫీ ఇచ్చాను, బిస్కట్లు ఇచ్చాను, కూర్చోమన్నాను, వాన గురించి మాట్లాడాను. ఏదీ పారలేదు. నిచ్చెనెక్కి తల అటకలోకి దూర్చింది. కాసేపటికి పైనుంచి మాట వినిపించింది:

"చిమ్నీకి ఆనించి ఈ పెట్టెలు పెట్టిందెవరు?"

"అమ్మా" అంది మేఘన. అంతే అంది.

"అది నో కాదు" అన్నాను గబగబా. "పెట్టెలెవరివి అని అడిగింది. అది ప్రశ్న."

"అమ్మా, దట్స్ ఎ నో. అక్కడ టూ ఇంచెస్ ఖాళీ ఉండాలని, లేకపోతే హీట్‌కి అంటుకుంటుందని, బిగించినాయన చెప్పాడు. అందరికీ వినపడింది."

నేను నిచ్చెన కిందికి వెళ్ళి తల పైకెత్తాను. "మేడమ్, మీరు నో అన్నారా?"

ఆమె నా మొహం చూసింది, మేఘన మొహం చూసింది. "నేనింకా ఏమీ అనలేదు. ఇవి తీస్తే కొలుస్తాను. తీయకపోతే అప్పుడంటాను."

"విన్నావా!" అని నేను నిచ్చెనెక్కేశాను. నేను అందిస్తుంటే అక్క కింద అందుకుంది, ఒక్కో పెట్టెకూ "గోనెపట్టా ఒకటి! ఇదిగో ఇంకోటి!" అని పాట కట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ ఖాళీ అయిన చోట చుట్టూ కొలిచి, ఓకే అని సంతకం పెట్టి, ఈసారి నిజంగానే బిస్కట్ తీసుకుని వెళ్ళింది.

నేను అగ్గిపెట్టె తీశాను. మేఘన చేతులు కట్టుకుని నిలబడింది. "ఆవిడ సైన్ చేసింది. నేను చేయలేదు. అటకలో పెట్టెలన్నీ రీసైకిల్‌కి పోవాలి. పొగ అలారం, గ్యాస్ అలారం రెండూ పెట్టాలి. ఎవ్రీ ఇయర్ చిమ్నీ క్లీనింగ్."

"అలారాలు సరే, క్లీనింగ్ సరే. పెట్టెల్లో మంచివి కొన్ని ఏరి..."

"ఓకే అమ్మా. ఎలక్ట్రిక్‌ది ఆర్డర్ చేస్తా" అని అది వెనక్కి తిరిగి, ఫోన్ ఉన్న వంటింటి వైపు నడిచింది.

నేను దాని మొహం చూడలేదు, కాళ్ళు చూశాను. ఇంటి చెప్పులు ఏమాత్రం ఈడవడం లేదు. అంగలు వేస్తోంది. "ఇదిగో తల్లీ, ఒక మాట!" అని పిలిచాను.

అక్క సోఫాలో పడి నవ్వింది. "నాన్న వీధి మలుపు దాకా పోనిచ్చేవాడే! నువ్వు వంటింటి దాకా కూడా పోనివ్వలేకపోయావు." మేఘన వెనక్కి తిరిగితే దాని మొహంలో ఉన్న నవ్వు చూశాను. అమెరికాలో పుట్టింది, ఇనుప కొట్టు గడప తొక్కనైనా లేదు. ఎవరు నేర్పారో నాకు తెలియదు.

ఆ సాయంత్రం నిప్పు పడింది. పొడి కట్టెలు, పత్తికట్టె కాదు; దగ్గు లేదు, కళ్ళు మండలేదు. ముగ్గురం గొడుగేసుకుని బయట గడ్డిలోకి వెళ్ళి పైకి చూశాం. మా చిన్నప్పుడు ఏ ఇంట్లో తలంటి పోసుకుంటున్నారో వీధి చివరి నుంచే తెలిసేది, అంత పొగ. ఇక్కడ టోపీ పైన గాలి కొంచెం వణికినట్టు కనబడింది, అంతే. "ఇంతేనా? ఇంత ఖర్చూ పెట్టి పొగ కూడా రావట్లేదేందే?" అంది అక్క. లోపలికొచ్చాక మాత్రం పొయ్యికి వీపు పెట్టి కదల్లేదు. కాసేపటికి మేఘన దూరంగా ఉన్న తన కుర్చీని కొంచెం ముందుకి జరుపుకుంది, మళ్ళీ కొంచెం. మేమిద్దరం చూడనట్టు చూశాం.

అక్క ఫ్రీమాంట్ వెళ్ళిపోయింది. పెట్టెలన్నీ వెళ్ళిపోయాయి. అప్పుడప్పుడు టార్చి తీసుకుని అటకెక్కి గొట్టం చుట్టూ చూసొస్తుంటాను. ఎంత మంచి జాగా! ఇటు బక్కెట్లు వాసాల దాకా పడతాయి, అటు మేకుల బస్తాలు తేలిగ్గా పడతాయి. ఏమేం పడతాయో అంతా లెక్క వేసుకుని, ఉత్త చేతులతో దిగొస్తాను.